పాఠకుల ప్రశ్నలు: నాయనమ్మ చెప్పింది ఏ ఏడాది సంగతి?

ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు, అలవాట్లు రాసిపెట్టుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్ర: మా నాయనమ్మకు 84 ఏళ్లు. చిన్ననాటి సంగతులు రికార్డు చేద్దామని మూడుసార్లు కూర్చున్నాను. "ఏముందమ్మా, అన్నీ కష్టాలే" అని తేల్చేస్తుంది. లేదంటే బావిలో చెంబు పడిన కథే మళ్లీ చెబుతుంది. ఎలా అడగాలి?
– పాఠకురాలు, తెనాలి

జ: "నీ చిన్నతనం గురించి చెప్పు" అని అడిగి ఉంటారు. అంత పెద్ద ప్రశ్న వేస్తే ఎవరైనా ఒక్క మాటలో మూటగట్టి ఇచ్చేస్తారు. వస్తువు గురించి అడగండి, పని గురించి అడగండి. తలంటి రోజు కుంకుళ్లు ఎవరు కొట్టేవారు? నీళ్లు కాగే కాగు ఏ మూల ఉండేది? ముందు ఎవరికి పోసేవారు, ఆఖరున ఎవరికి? ఇంట్లో ఎవరి మాట చెల్లేదో, ఆడపిల్లల వంతు ఎప్పుడొచ్చేదో ఈ చివరి ప్రశ్నలోనే బయటపడుతుంది.

ఇంతకన్నా బాగా పనిచేసేది ఇంటి పటం. తెల్లకాగితం మీద ఆవిడ పుట్టింటి వీధిగుమ్మం ఒక్కటే గీసి, "లోపలికి రాగానే ఎడమచేతి పక్క ఏముండేది?" అనండి. మీరు ఒక గది తప్పుగా గీసినా నష్టం లేదు. దిద్దడానికి ఆవిడే పెన్సిల్ అందుకుంటుంది. గాదె, పశువుల కొట్టం, దొడ్డిగుమ్మం, ఇలా ఒక్కో చోటు గీస్తుంటే అక్కడ తిరిగిన మనిషి కూడా గుర్తొస్తాడు. చేతిలో చింతపిక్కలో గవ్వలో పెట్టినా మంచిదే. అచ్చంగాయలు ఎగరేస్తూ మాట్లాడే మనిషి ఫోన్ ముందున్న సంగతి మర్చిపోతుంది.

చెంబు కథను మాత్రం ఆపకండి. వందసార్లు చెప్పిన కథ పాటలా గట్టిపడిపోతుంది, మాట పొల్లుపోదు. పూర్తయ్యాక కథలో లేనిది అడగండి: చెంబు రాగిదా, ఇత్తడిదా? పాతాళగరిగె (బావిలో పడ్డవి పైకి తీసే కొక్కేల గుత్తి) ఎవరింటి నుంచి తెచ్చారు? అక్కణ్ణుంచి వచ్చేదే కొత్త సంగతి. ఆవిడ మధ్యలో ఆగితే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి, మనసులో పది దాకా లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు మాట ఆ మౌనం తర్వాతే వస్తుంది. చెప్పిన తేదీ, పేరు తప్పనిపించినా అక్కడికక్కడ దిద్దవద్దు.

ఉదయం టిఫిను అయ్యాక కూర్చోండి, 40 నిమిషాలు మించనివ్వకండి. సరిగా వినిపించే చెవి వైపు కూర్చుని, అరవకుండా నిదానంగా మాట్లాడండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. మడిచిన తువ్వాలు మీద, ఆవిడకు జానెడు నుంచి మూరెడు దూరంలో ఉంచండి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఇంటి రికార్డింగులు ఎక్కువగా పాడయ్యేది ఫ్యాన్ గాలి వల్లే, తర్వాత కుక్కర్ కూతల వల్ల. ముందుగా తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో మీ గొంతుతో చెప్పి, రెండు నిమిషాలు రికార్డు చేసి విని చూసుకోండి. 128 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు దాదాపు 60 ఎంబీ అవుతుంది, ఫోన్లో చోటు లేదని వెనకాడే పని లేదు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. రెండో కాపీ ఇంకో ఇంట్లో ఉండాలి.

ప్ర: అమ్మ సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ 1-7-1953. నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసిన ఏడాదే పుట్టానని అమ్మ అంటుంది. పెద్దమ్మేమో "జయ నామ సంవత్సరం, మాఘమాసం" అంటోంది. ఎవరిది నిజం?
– పాఠకుడు, మాచర్ల

జ: సర్టిఫికెట్‌ను కాసేపు పక్కన పెట్టండి. ఆ తరం వాళ్లకు జూన్ 1, జులై 1 తేదీలు ఉన్నాయంటే బడిలో చేర్చుకున్నప్పుడు మాస్టారు వేసినవి అయివుండే అవకాశం ఎక్కువ. పిల్లకు వయసు చాలకపోతే ఏడాదో రెండేళ్లో పెంచి రాసేవారు.

ఇక ఆ ఇద్దరి మాట. సాగర్ శంకుస్థాపన 1955 డిసెంబర్ 10న జరిగింది. జయ 1954 ఉగాదికి మొదలై 1955 ఉగాది ముందురోజుతో ముగిసింది. చాలామంది జయ అనగానే 1954 అని రాసేసుకుంటారు, పొరపాటు అక్కడే. చైత్రం నుంచి కార్తీకం దాకా అయితే మొదటి ఇంగ్లిషు ఏడాది. మాఘ ఫాల్గుణాలైతే తర్వాతి ఏడాది. మార్గశిరం చివర్లో, పుష్యంలో పుడితే తిథి చూసి తేల్చాలి. కాబట్టి జయ మాఘం అంటే 1955 జనవరి, ఫిబ్రవరి ప్రాంతం. అంటే అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఏడాది చెబుతున్నారు. పునాదిరాయి పడేనాటికి మీ అమ్మగారు పది నెలల పిల్ల. తిథి, నక్షత్రం కూడా పెద్దమ్మకు గుర్తుంటే ఆ ఏటి పంచాంగంలో రోజు దొరుకుతుంది. తిథికి, నక్షత్రానికి పొత్తు కుదరకపోతే రెంటిలో ఒకటి తప్పు. ఇదంతా ఇంటి లెక్క కోసం. పింఛను కాగితాల జోలికి వెళ్లకండి.

తెలుగు సంవత్సరాలు అరవైకోసారి తిరుగుతాయి. ప్రభవ 1987లో వచ్చిందని గుర్తుపెట్టుకుంటే మిగతావి వేళ్ల మీద లెక్కించవచ్చు. పేర్లు తెలియని ఇళ్లలో సంఘటనలే ఆధారం: అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, గోదావరి పుష్కరాలు 1967, 1979, 1991, కృష్ణా పుష్కరాలు 1968, 1980, 1992, అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడిపోతుందని ఊళ్లు బెంబేలెత్తింది 1979 జులైలో, పట్టపగలు చీకటిపడిన సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16న. "అది ఏ సంవత్సరం?" అని అడిగితే జవాబు రాదు. "అప్పుడు నీ చంకలో ఎవరున్నారు?" అనండి, వస్తుంది.

కోస్తాలో "పెద్ద తుఫాను" అన్నమాటతో జాగ్రత్త. అది ఒకటి కాదు. వేసవిలో అంటే 1979 మే గానీ, 1990 మే గానీ. నవంబర్ అంటే దీపావళి అడగండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న, దీపావళి వెళ్లిన వారానికి వచ్చింది. కోనసీమ తుఫాను 1996 నవంబర్ 6న, దీపావళి ఇంకా రాకముందే.

తెలంగాణ ఇళ్లలో పాత కాగితాల మీద ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) ఏళ్లుంటాయి. 590 కలపండి: 1357 ఫసలీ అంటే 1947–48. హైదరాబాద్ సంస్థానంలో ఆ ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యేది కనుక, పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబర్ 1357 ఫసలీ చివర్లోకి వస్తుంది.

ప్ర: తాతయ్య (అమ్మ నాన్న) "శేరు బెల్లం" అంటే పావుకిలో పైన అంటారు. బాపు (నాన్న నాన్న) శేరంటే కిలోకు కొంచెం తక్కువ అంటారు. ఎవరో ఒకరు మర్చిపోయారా?
– పాఠకురాలు, కోదాడ

జ: ఇద్దరికీ బాగా గుర్తుంది. కోస్తాలో తూకం శేరు 24 తులాలు, దాదాపు 280 గ్రాములు. అలాంటి ఐదు శేర్లు ఒక వీశె, సుమారు కిలో నాలుగువందల గ్రాములు. హైదరాబాద్ వైపు శేరు 80 తులాలు, 933 గ్రాములు. రూపాయి సంగతీ అంతే. నిజాం హాలీ రూపాయలు ఏడు ఇస్తే ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలు వచ్చేవి. అందుకే ధర రాసేటప్పుడు ఊరు పేరు తప్పక రాయండి. కిలోల్లోకి మార్చి రాయాలనుకుంటే, ముందు ఆయన అన్నమాట అన్నట్టే రాసి, లెక్క పక్కన రాయండి.

ప్ర: ఏడాది వయసులో అన్నప్రాశన నాడు నేను పుస్తకం పట్టుకోవడం నాకు గుర్తుంది. ఇంట్లో నవ్వుతున్నారు.
– పాఠకుడు, నెల్లూరు

జ: నవ్వడం సరే గానీ, వాళ్ల అనుమానంలో న్యాయముంది. పెద్దయ్యాక మనకు మిగిలే తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడు, నాలుగేళ్ల వయసువి. ఒక చిన్న పరీక్ష: ఆ దృశ్యంలో మీ ముఖం మీకే కనిపిస్తోందా? అయితే అది ఫొటో చూసో, అమ్మమ్మ చెబితే వినో కట్టుకున్న బొమ్మ కావచ్చు. కొట్టేయనక్కర్లేదు. "ఇంట్లో చెప్పుకునే మాట" అనే శీర్షిక కింద రాయండి.

ప్ర: తాతగారి పెళ్లి ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. ఒక మూల తెల్లగా బూజు. నీళ్లలో నానబెడితే వస్తుందన్నారు.
– పాఠకురాలు, కాకినాడ

జ: నానబెట్టకండి. ఆ కాలపు ఫొటో పైపొర జెలటిన్. తేమ తగిలితే మెత్తబడి జిగురవుతుంది, ఎండితే అద్దాన్ని పట్టేస్తుంది. బూజు తిన్నచోట అది నీళ్లలో కరిగిపోయే స్థితిలో ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే ముఖం గుడ్డకు వచ్చేస్తుంది. లాగితే అద్దం మీదే ఉండిపోతుంది.

అద్దంతో సహా ఉంచి ఫొటో తీయించడమే మేలు. అద్దం బయటివైపు పొడిగుడ్డతో తుడిచి, కిటికీకి పక్కగా, నేరుగా ఎండ పడనిచోట గోడకు ఆనించండి. ఫోన్ ఫ్లాష్ ఆపండి. మీ నీడ అద్దంలో పడకుండా వెనక నల్లటి దుప్పటి పట్టించండి. ఫ్రేము పలచగా ఉంటే స్కానర్ మీద అద్దంతోనే పెట్టవచ్చు: పోస్టుకార్డు సైజుకు 600 డీపీఐ, పాస్‌పోర్ట్ సైజుకు 1200.

మిగతా ఫొటోలకు అద్దానికీ బొమ్మకూ మధ్య సన్నని అట్ట అంచు పెట్టించండి, అంటుకోవు. సముద్రపు గాలి తగిలే గోడకు, స్నానాలగది గోడకు తగిలించవద్దు. జిగురు పేజీల ఆల్బంలోంచి తీయాలంటే గోరు పెట్టకుండా, పళ్లు శుభ్రం చేసుకునే సన్నదారాన్ని ఫొటో కింద రంపంలా జరపండి. వెనక పేర్లు మెత్తని పెన్సిల్‌తో, అంచున. బాల్‌పెన్ నొక్కు ముందువైపు ముఖాల మీద తేలుతుంది. లామినేషన్ మాత్రం చేయించకండి, మళ్లీ ఊడదీయలేరు.

ప్ర: నాన్నగారికి 71. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికిస్తారు. క్యారీబ్యాగులు ముక్కోణంగా మడిచి దాస్తారు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తారు. ఇవన్నీ రాస్తే వెక్కిరించినట్టుంటుందా?
– పాఠకురాలు, కరీంనగర్

జ: "పిసినారి" అని రాస్తే వెక్కిరింత. మడత ఎలా వేస్తారో రాస్తే ఆయన కనిపిస్తారు. ప్రతి అలవాటుకూ నాలుగు సంగతులు పట్టుకోండి: ఏ వేళ, ఏ వస్తువు, ఎన్నిసార్లు, చేస్తూ ఏమంటారు. తడి ఆరని రెండు ముక్కలనూ నొక్కి రాత్రంతా వదిలేస్తారా, పొద్దున్నే వాడేస్తారా? ఇంత చిన్న తేడాలోనే మనిషి పట్టుబడతాడు. ఎప్పుడు మొదలైందని అడిగితే హాస్టలో, తొలి ఉద్యోగమో, రేషన్ క్యూనో తేలవచ్చు. కారణం తేలకపోతే ఊహించి అతికించకండి, కారణం లేని అలవాటూ అలవాటే. రాసింది ముందు ఆయనకే చదివి వినిపించండి. వద్దన్న వాక్యం తీసేయండి.

ఒక్కటి మాత్రం వేరుగా చూడాలి. ఇవి ఏళ్ల తరబడి ఉన్నవైతే చాదస్తమనో ముచ్చటనో అనుకోవచ్చు. ఈ ఆరునెలల్లో కొత్తగా వచ్చిన మార్పైతే అలా అనుకోకండి. అడిగిందే గంటలో నాలుగుసార్లు అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, చిల్లర లెక్కలో తడబడటం, పొయ్యి ఆపడం మర్చిపోవడం ఉంటే డాక్టరుకు చూపించండి. బీ12 లోపం, థైరాయిడ్, కొన్ని మందుల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వీటిలో చాలావరకు సరిచేయగలిగినవే. వినికిడి తగ్గినా మర్చిపోయినట్టే కనిపిస్తుంది.

ప్ర: మావయ్య పాడిన పద్యాల క్యాసెట్ పాతికేళ్లుగా ప్లేయర్ ఎక్కలేదు. వేసి చూడవచ్చా?
– పాఠకుడు, రాజమండ్రి

జ: ముందు క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. తెల్లని పొడి కనిపిస్తే బూజు, ప్లేయర్‌లో పెట్టకండి. శుభ్రంగా ఉంటే టేపు కింద చిన్న స్పాంజి ముక్క ఉందో లేదో చూడండి, అది ఊడితే శబ్దం అణగిపోతుంది. క్యాసెట్ చక్రం పళ్ల మధ్య పెన్సిల్ పెట్టి రెండు చుట్లు తిప్పితే బిగుసుకుందో లేదో తెలుస్తుంది. ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి వేసి ప్లేయర్ టేపు నమలడం లేదని చూసుకోండి. తర్వాత ఒక్కసారి చివరికంటా తిప్పి, వెనక్కి తిప్పి, మొదటి ప్లే నుంచే రికార్డు చేయండి. రెండోసారి ఆడుతుందన్న భరోసా లేదు.

ప్ర: అక్క, నేను కలిసి ఇంటి కథ రాస్తున్నాం. ఆవు పేరు గౌరి అని అక్క, లక్ష్మి అని నేను. వారం నుంచి మాటల్లేవు.
– పాఠకురాలు, అనంతపురం

జ: రెండూ రాయండి, ఎవరు ఏమన్నారో పేర్లతో సహా. ఆవు రంగు, కొమ్ముల వంపు కూడా ఇద్దరినీ విడివిడిగా అడిగి చూసుకోండి. రెండు ఆవులు ఉండివుండవచ్చు.