మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో సెకోయా అడవికి

మోకాళ్ల నొప్పులున్న అమ్మగారినీ, ఐదేళ్ల పాపనూ తీసుకెళ్లి కాలిఫోర్నియాలోని సెకోయా పార్కులో, కాండం ఘనపరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్దదైన జనరల్ షెర్మన్ చెట్టు చూపించగలమా అని అడిగారు. తప్పకుండా చూపించండి! పెద్ద పార్కింగ్ నుంచి మాత్రం ఆవిణ్ణి నడిపించకండి. అర మైలు దారి, మధ్యమధ్య మెట్లు. దిగడం ఒక ఎత్తు, తిరిగి ఎక్కడం ఇంకో ఎత్తు. పైగా 7,000 అడుగుల ఎత్తున గాలి పలచన, ఊరికే ఆయాసం వస్తుంది. వేసవిలో ఉచిత షటిల్ బస్సు చెట్టుకు దగ్గరగా, కింది వైపు కూడా ఆగుతుంది. అక్కడ దిగండి.

నన్నడిగితే పార్కులోనే ఉన్న జెయింట్ ఫారెస్ట్ మ్యూజియం దగ్గరి బిగ్ ట్రీస్ ట్రయల్ అనే నడకదారి ఇంకా హాయి. పచ్చిక చుట్టూ చదునైన దారి, పక్కనే మహావృక్షాలు. పాప పరిగెత్తొచ్చు, అమ్మగారు ఆగి ఆగి తలెత్తి చూడొచ్చు. పార్కులో పెట్రోలు దొరకదు, కిందే నింపుకోండి.