మీరడిగారు: ఆడవాళ్ల బార్బర్‌షాప్ కోరస్ సంగతులు

పోయిన నెల ఈ పేజీలో అమెరికా ఆడవాళ్ల బార్బర్‌షాప్ కోరస్‌ల గురించి, అంటే వాయిద్యాలు లేకుండా నాలుగు రకాల గొంతులు కలిపి పాడే పెద్ద బృందాల గురించి, రెండు ముక్కలు రాశాను కదా, దాని మీదే ఇన్ని ప్రశ్నలొస్తాయని అస్సలు అనుకోలేదు, అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: బార్బర్‌షాప్ అంటే సెలూనే కదండీ? ఆడవాళ్ల పాటకీ దానికీ ఏం సంబంధం?

జవాబు: సెలూనేనండీ. పందొమ్మిదో శతాబ్దం అమెరికాలో సెలూన్ అంటే మగాళ్లు వంతు కోసం కూర్చుని కబుర్లాడుకునే చోటు, ఒకడు కూనిరాగం తీస్తే పక్కవాడు దానికి పై గొంతు, ఇంకొకడు కింది గొంతు కలిపేవాడు, అలా రాసుకోకుండా చెవితోనే నాలుగు గొంతుల పాట తయారయ్యేది. ఇందులో నల్లజాతివాళ్ల పాత్ర చాలా పెద్దది, ఇది గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే చాలాకాలం చెప్పలేదు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూ ఆర్లీన్స్‌లో చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు ఇంకో ముగ్గురు పిల్లల్తో కలిసి వీధుల్లో ఇలాగే పాడి చిల్లర సంపాదించుకునేవాడు.

తర్వాత రేడియో, గ్రామఫోన్ వచ్చి ఈ పాట వెనకబడింది. 1938 ఏప్రిల్‌లో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో ఓ.సీ. క్యాష్ అనే టాక్స్ లాయరూ, రూపర్ట్ హాల్ అనే ఆయనా కలిసి ఒక క్లబ్బు డాబా మీద పాడుకుందాం రండని పిలిస్తే 26 మంది వచ్చారు. మగాళ్ల సంఘం అలా పుట్టింది. ఆడవాళ్ల కథ కూడా ఆ ఊళ్లోనే, ఏడేళ్ల తర్వాత.

ప్రశ్న: స్వీట్ అడలైన్స్ అనే ఆడవాళ్ల సంఘాన్ని మొదలుపెట్టింది ఎవరు?

జవాబు: ఎడ్నా మే ఆండర్సన్. ఈ పాట పాడే మగాళ్ల భార్యల్లో చాలామంది వారం వారం మొగుళ్లు ప్రాక్టీసుకెళ్లి మురిసిపోతూ తిరిగిరావడం చూస్తూ ఉండేవాళ్లు, వింటే బాగుంది, పాడితే ఇంకెంత బాగుంటుందో అనిపించింది, కానీ ఆ సంఘంలో ఆడవాళ్లకి చోటు లేదు. 1945 జులైలో ఎడ్నా మే టల్సాలో కొందరు ఆడవాళ్లని పోగేసింది. మొదటి శాఖకి వాళ్లు పెట్టుకున్న పేరు ఆటమాటన్, అంటే అణువంత ఆలోచన, టన్నంత ఉత్సాహం అని రెండు మాటలు కలిపి అల్లిన పేరు. సంఘం పేరు మాత్రం 1903 నాటి ఒక పాటలోంచి తీసుకున్నారు, ఆ రోజుల్లో నలుగురు మగాళ్లు చేరితే పాడే పాటే అది.

1947కల్లా క్వార్టెట్, అంటే గొంతుకొకరు చొప్పున నలుగురే పాడే బృందాల పోటీ పెట్టేశారు, ఇల్లినాయ్‌లోని డెకేటర్ నుంచి వచ్చిన డెకేటరెట్స్ గెలిచారు. 1953లో కెనడాలో మానిటోబా రాష్ట్రం బ్రాండన్‌లో శాఖ పెట్టారు, దేశం దాటిన మొదటి అడుగు అదే. పేరు చివర ఇంటర్నేషనల్ అన్నది 1991లో గానీ చేరలేదు.

ప్రశ్న: వీడియోల్లో చివరి స్వరం దగ్గర హాలంతా గంట మోగినట్టు వినిపిస్తుంది. అది మైకు మాయా?

జవాబు: కాదండీ, మైకు తీసేసినా మోగుతుంది. నాకు ఈ పాట మీద ఇంత ఇష్టం కలగడానికి కారణమే అది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

తంబూరా బాగా శ్రుతి చేసి మీటుతుంటే, ఏ తీగనీ గాంధారానికి కట్టకపోయినా గాంధారం దానంతటదే వినిపిస్తుంది, సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది తెలుసు. ఇక్కడా సరిగ్గా అదే. ఏ గొంతైనా ఒక్క స్వరమే పాడదు, దాని పైన రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అంటూ సన్నటి స్వరాల మెట్లు ఉంటాయి. కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి మోగితే దాన్ని కార్డ్ అంటారు, బార్బర్‌షాప్‌కి ప్రాణంలాంటి కార్డ్ ఒకటుంది, దాన్ని బార్బర్‌షాప్ సెవెంత్ అంటారు, అందులో నాలుగు గొంతుల నిష్పత్తి 4, 5, 6, 7. ఒకావిడ సెకనుకి 200 సార్లు కంపించే స్వరం పట్టుకుంటే మిగతా ముగ్గురివీ 250, 300, 350 అన్నమాట. 200కి అయిదింతలు 1000, 250కి నాలుగింతలు 1000, చూశారా ఇద్దరి పై స్వరాలూ ఒకే చోట పడ్డాయి. 200కి ఆరింతలు 1200, 300కి నాలుగింతలూ 1200. ఏడింతలు 1400, 350కి నాలుగింతలూ అంతే. అక్కడ ఎవరూ పాడని స్వరం పుడుతుంది, దాన్ని వీళ్లు రింగ్ అంటారు, అయిదో గొంతు అని కూడా అంటారు.

అదే పియానో మీద కొడితే 350 ఉండాల్సిన స్వరం 356 దాకా వెళ్తుంది, ఇక పైన కలవాల్సినవి కలవవు, రింగ్ రాదు. అందుకే వీళ్లు వాయిద్యం పెట్టుకోరు, మొదట పిచ్ పైప్ అనే చిన్న శ్రుతి పీక మీద ఒక్క స్వరం ఊది ఇక చెవులకే వదిలేస్తారు. కోరస్‌లో ఇది ఇంకా కష్టం. వందమంది ఉంటే వందమందీ ఒకే అచ్చుని ఒకే నోటి ఆకారంతో పలకాలి, పది మంది ‘ఆ’ని కాస్త వెడల్పుగా పలికినా ఆ గంట మూగబోతుంది. ప్రాక్టీసులో గంటసేపు రెండు లైన్ల దగ్గరే ఆగిపోతారంటే కారణం ఇదే.

ప్రశ్న: ఆడవాళ్లే కదా, మరి టెనర్, బాస్ అని మగ గొంతుల పేర్లెందుకు?

జవాబు: పేర్లు మగాళ్ల దగ్గర్నుంచి వచ్చినవే ఉంచేసుకున్నారు, శ్రుతి మాత్రం పైకి జరిపారు. అసలు పాట నడిపేది లీడ్. దాని పైన తేలిగ్గా, పలచగా టెనర్, కోరస్‌లో వీళ్లు తక్కువమందే ఉంటారు, ఎక్కువైతే పాటని కప్పేస్తారు. కింద బాస్, పునాది. బారిటోన్ అని నాలుగోది ఉంది చూశారూ, మిగతా మూడూ పోగా మిగిలిన స్వరాలన్నీ దాని నెత్తినే పడతాయి, ఒకసారి లీడ్ పైన, ఒకసారి కింద, విడిగా వింటే అసలు పాటలానే ఉండదు. ఇంట్లో నేర్చుకోడానికి రికార్డింగులు ఇస్తారు, ఒక చెవిలో మీ గొంతు ఒక్కటే, రెండో చెవిలో మిగతా మూడూ. మీ గొంతు ఉన్న వైపు ఆపేసి పాడగలిగితే మీకు వచ్చినట్టు. నన్నడిగితే కార్డ్‌ని పూర్తిచేసేది బారిటోనే, కానీ ఇంటికెళ్లేటప్పుడు ఎవరూ దాన్ని పాడుకుంటూ వెళ్లరు.

ప్రశ్న: ఈ సంఘాల్లో నల్లజాతివాళ్లని రానివ్వలేదని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే. 1941లో న్యూయార్క్ పోటీలో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో సామాన్లు మోసే నల్లజాతి పోర్టర్ల క్వార్టెట్ గెలిచింది, పేరు గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్, కానీ సెయింట్ లూయీస్‌లో జరిగే జాతీయ పోటీకి మగాళ్ల సంఘం వాళ్లని రానివ్వలేదు. దానికి నిరసనగా న్యూయార్క్ మాజీ గవర్నర్ అల్ స్మిత్, అక్కడి పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ ఆ సంఘానికి రాజీనామా చేశారు. ఆ సంఘం తలుపు తెరిచింది 1963లో.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మాత్రం ఆడవాళ్ల సంగతి. మమ్మల్ని గడప తొక్కనివ్వలేదని సొంత ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఆ ఇంటికి తెల్లవాళ్లు మాత్రమే రావాలని రూల్ పెట్టారు. కానీ దీన్ని ఒప్పుకోని ఆడవాళ్లు కూడా వాళ్లలోనే ఉన్నారు. 1957లో గొడవ ముదిరి కొన్ని శాఖలు బయటికొచ్చేశాయి, 1959లో రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో హార్మనీ ఇన్‌కార్పొరేటెడ్ అని వేరు కుంపటి పెట్టుకున్నాయి. 1963లో కెనడాలో ఒట్టావా వాళ్ల క్యాపిటల్ కార్డెట్స్ ఒక నల్లజాతి గాయనిని చేర్చుకుంటే పైనుంచి బహిష్కరిస్తామని బెదిరింపు వచ్చింది, వాళ్లు ఆవిడని వదులుకోకుండా స్వీట్ అడలైన్స్‌నే వదిలేసి హార్మనీలో చేరిపోయారు. ఎన్ని కప్పులు గెలిచిన కోరస్ అయినా నాకు ఆ శాఖ తర్వాతే. స్వీట్ అడలైన్స్ ఆ రూల్‌ని 1966లో తీసేసింది.

ప్రశ్న: పోటీలో మార్కులు ఎలా వేస్తారు?

జవాబు: ముందు రీజియన్ స్థాయి, అందులో నెగ్గితే అంతర్జాతీయం. క్వార్టెట్లకి 1947లోనే పోటీ ఉన్నా కోరస్‌లకి అంతర్జాతీయ పోటీ 1973లో గానీ రాలేదు. చాలాకాలం మార్కులు నాలుగు విషయాల మీద ఉండేవి: సౌండ్, మ్యూజిక్, ఎక్స్‌ప్రెషన్, షోమన్‌షిప్. ఒక్కో జడ్జి తన విషయం ఒక్కటే చూస్తారు, అంటే బట్టలెంత మెరిసినా సౌండ్ జడ్జికి అనవసరం. గెలిచిన కోరస్ మరుసటి ఏడాది పోటీపడదు. గెలిచిన క్వార్టెట్‌కైతే కిరీటాలు పెడతారు, మళ్లీ అదే నలుగురు పోటీకి రాలేరు.

2013లో హోనలూలూలో స్వీడన్ నుంచి వచ్చిన రోనింగె షో కోరస్ గెలిచింది, అప్పటిదాకా ఉత్తర అమెరికా దాటి బయటి కోరస్ ఏదీ గెలవలేదు. అమెరికాలో పుట్టిన పాటని పాడడానికి వేరే భాష మాతృభాషగా ఉన్నవాళ్లు వచ్చి, అమెరికా వాళ్ల అచ్చులు అమెరికా వాళ్లకంటే సమంగా పలికి గెలిచారు, ఎంత సాధన చేసుంటారో ఊహించండి.

ప్రశ్న: ఇప్పుడు ఆడవాళ్లు మగాళ్ల సంఘంలో చేరొచ్చా?

జవాబు: 2018 నుంచి చేరొచ్చు. అయినా ఆడవాళ్ల కోరస్‌లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ప్రశ్న: పోటీకి వెళ్లే స్థాయి లేనివాళ్లకి ఇందులో ఏముంటుంది?

జవాబు: ట్యాగ్ ఉంటుందండీ! పాట చివర వచ్చే నాలుగైదు లైన్ల ముక్కని ట్యాగ్ అంటారు. పోటీలయ్యాక రాత్రి హోటల్ లాబీల్లో, లిఫ్టుల దగ్గర చూడాలి, ఒకావిడ నాకు లీడ్ వచ్చు అంటుంది, ఇంకొకావిడ బాస్ నేను పడతా అంటుంది, బారిటోన్ కోసం అటూ ఇటూ చూస్తే పర్సు వెతుక్కుంటూ వెళ్తున్న ముక్కూమొహం తెలీనావిడ ఆగి చేరుతుంది. తెలీనివాళ్లకి అక్కడికక్కడే లైను లైనుగా పాడి నేర్పుతారు, నలుగురూ తలలు దగ్గర పెట్టి ఒకళ్ల నోరు ఒకళ్లు చూసుకుంటూ పాడతారు, మొదటిసారి కుదరదు, రెండోసారీ కుదరదు, మూడోసారి చివరి కార్డ్ మోగుతుంది, నలుగురూ ఒక్కసారిగా కళ్లు పెద్దవి చేస్తారు. తర్వాతే పేర్లు అడుగుతారు.