ఒక్క రోజులో బైక్ మీద తుంగభద్ర దాకా

స్నేహితుడితో బైక్ మీద తెల్లవారుజామున బయలుదేరి, ఏదైనా పుణ్యనదిలో స్నానం చేసి రాత్రికి ఇల్లు చేరడం కుదిరే పనేనా, ఎవరైనా వెళ్ళొచ్చారా అని అడిగారు. కుదురుతుంది. మేం హైదరాబాద్ నుంచి అలంపురం వెళ్ళొచ్చాం, తుంగభద్రకి. రానూ పోనూ దాదాపు 440 కిలోమీటర్లు. తర్వాత రెండు రోజులు నడుం మాట వినలేదు, అది వేరే సంగతి.

నిజం చెప్పాలంటే మాది పుణ్యం కోసం మొదలైన ప్రయాణం కాదు. నా స్నేహితుడి అవ్వది కృష్ణ ఒడ్డున ఒక ముంపు ఊరు. 1980ల మొదట్లో శ్రీశైలం ప్రాజెక్టులో నీళ్ళు నిలబెట్టినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళతో పాటు అదీ పోయింది. కృష్ణలో తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర అప్పట్లో సంగమేశ్వరుడి గుడి ఉండేది. శివరాత్రికి అవ్వ వాళ్ళు ఎడ్లబండి కట్టుకుని అక్కడికే పోయేవాళ్ళట. చాళుక్యుల కాలం నాటి ఆ గుడి మునిగిపోకుండా రాళ్ళు విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ కట్టారు. ఆ మాట వచ్చినప్పుడల్లా అవ్వ ఒకటే అంటుంది: "గుడినైతే తెచ్చిన్రు. మా ఊరిని ఎవరు తెస్తరు?"

ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళు సహకరించవు. కార్తీకం రాగానే "తుంగభద్ర నీళ్ళన్న తెచ్చిపెట్టురా" అని మనవణ్ణి పట్టుకుంది. వాడు నాకు ఫోన్ చేసి "ఆదివారం నీకేం పని?" అన్నాడు. నాకేం పని ఉండదని వాడికి తెలుసు.

పొద్దున నాలుగున్నరకి ఆరాంఘర్ చౌరస్తా దగ్గర కలిశాం. నాది పాత స్ప్లెండర్. వాడి చేతిలో రెండు లీటర్ల ఖాళీ సీసా ఒకటి, భుజానికి తువ్వాళ్ళ సంచి. కర్నూలు వైపు పోయే ఈ 44వ నంబర్ హైవేనే పాతవాళ్ళు ఇప్పటికీ ఏడో నంబర్ రోడ్డు అంటారు. రోడ్డు బాగుంటుంది, అదే దాని ప్రమాదం కూడా. నున్నగా ఉందని గేరు మర్చిపోయి లాగిస్తే పక్క నుంచి వోల్వో బస్సు దూసుకెళ్ళినప్పుడు ఆ గాలికి బండి జానెడు పక్కకి జరుగుతుంది. మేం అరవై దాటకూడదని మాట అనుకున్నాం. షాద్‌నగర్ దాకా నిలబెట్టుకున్నాం, ఆ తర్వాత డెబ్బై. టోల్ గేట్ల దగ్గర టూ వీలర్లకి డబ్బులుండవు, ఎడమ చివర సందులోంచి పోవాలి. చీకట్లో ఆ సందు ముందు ఇసుక పేరుకుని ఉంటుంది, అక్కడ మాత్రం బ్రేకు జాగ్రత్త.

జడ్చర్ల దగ్గర పడుతుండగా ఎడమ చెంప మీద ఎండ తగిలింది. టీ కోసం ఆగాం. నవంబరు మొదటి వారం, వేళ్ళు కొంకర్లు పోయి గ్లాసు పట్టుకున్నా వేడి తెలియలేదు. మీరు శీతాకాలంలో వెళ్తుంటే గ్లౌజులు తప్పకుండా పెట్టుకోండి. స్వెటర్ సంగతి అందరికీ గుర్తుంటుంది, చేతుల సంగతి ఎవరికీ గుర్తుండదు.

కొత్తకోట, పెబ్బేరు దాటాక బీచుపల్లి. ఇక్కడ కృష్ణ వస్తుంది. వంతెన దాటగానే అవతలి ఒడ్డున ఆంజనేయస్వామి గుడి. ఒక్క రోజులో అంత దూరం ఎందుకు అనుకునేవాళ్ళు ఇక్కడే స్నానం చేసి వెనక్కి తిరగొచ్చు, అందులో తప్పేం లేదు. మేం ఇవతలి నుంచే దణ్ణం పెట్టుకుని వంతెన ఎక్కాం. వెనకాల కూర్చున్నవాడు రూపాయి బిళ్ళ విసిరాడు. అది రెయిలింగుకి తగిలి మళ్ళీ రోడ్డు మీదే పడింది. "కృష్ణమ్మ వద్దంటోందిరా, మనం పోయేది తుంగభద్రకని తెలిసిపోయింది" అన్నాను.

అలంపూర్ చౌరస్తాలో హైవే వదిలి ఎడమకి తిరిగితే చేల మధ్య రోడ్డు. అప్పటిదాకా హెల్మెట్లలోంచి అరుచుకుంటూ మాట్లాడుకున్నవాళ్ళం, ఆ రోడ్డెక్కాక మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. కొత్త ఉద్యోగం గురించి వాడు ఆరు నెలలుగా దాస్తున్న సంగతి కూడా ఈ ముక్కలోనే బయటపడింది. బైక్ మీద ఒక సుఖం ఉంది, చెప్పేవాడి మొహం వినేవాడికి కనపడదు.

ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర. నది ఎక్కడా కనపడలేదు. ముందు కనపడింది గోడ. శ్రీశైలం వెనక జలాలు ఊళ్ళోకి రాకుండా కట్టిన కట్ట అది. దాని పైకెక్కి అవతలికి దిగితే ఘాట్ మెట్లు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు అలంపురాన్నీ నీళ్ళు వదల్లేదు.

తుంగభద్ర ఇక్కడ ఉత్తరం వైపు తిరిగి పారుతుంది కాబట్టి స్నానానికి విశేషమని చెబుతారు. గంగలో స్నానం, తుంగలో పానం అని సామెత. తాగే ధైర్యం మాత్రం మేం చెయ్యలేదు. కార్తీకం కదా, జనం బాగానే ఉన్నారు. పై మెట్ల మీద పసుపు, కుంకుమ, ఆరిన వత్తులు, నూనె మరకలు. అరటి దొప్పల్లో పెట్టి వదిలిన దీపాలు ఆరిపోయి ఒడ్డుకే తిరిగొచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నీళ్ళలో మెట్లకి పాచి పట్టి ఉంది. నేను ఆ మాట చెప్పేలోపే వాడు జర్రున జారి నడుం లోతులో కూర్చున్నాడు. పక్కన మునకలేస్తున్న ఒక పెద్దాయన "సంకల్పం చెప్పుకోకముందే మునిగినవు నాయనా, మళ్ళీ మునుగు" అన్నాడు. ఈత రాకపోతే రెండు మూడు మెట్లు దాటొద్దు. పైనుంచి చూస్తే నది కదలనట్టే ఉంటుంది, కాళ్ళకి మాత్రం లాగుడు తెలుస్తుంది.

సీసా నింపడానికి వాడు జనం లేని చివరికి వెళ్ళాడు. ముందు మూడుసార్లు తొలిచాడు. మూతి నీళ్ళలో పెట్టగానే బుడగబుడగమని చప్పుడు, ఆ తర్వాత నెమ్మదిగా నిండింది. వెలుగుకెత్తి చూస్తే లేత టీ రంగు.

జోగులాంబ దర్శనానికి గంట పట్టింది. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి. పాత గుడి 14వ శతాబ్దంలో ధ్వంసమైతే అమ్మవారిని బాలబ్రహ్మ గుడిలో ఉంచారట. ఇప్పుడున్న గుడి 2005లో కట్టింది. అమ్మవారి జుట్టులో బల్లి, తేలు, కపాలం ఉంటాయి. తోపులాటలో నాకు కపాలం మాత్రమే కనిపించింది. నవబ్రహ్మ ఆలయాలకి మాత్రం తీరిగ్గా టైం ఇవ్వండి. పేరుకి బ్రహ్మలే గానీ అన్నీ శివుడి గుళ్ళే. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించినవి. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీద శిల్పాలు చూస్తూ పోతే పూట గడిచిపోతుంది.

చివరికి సంగమేశ్వరుడి గుడి. నవబ్రహ్మల దగ్గరున్న సందడి ఇక్కడ లేదు. ఒకచోట నుంచి విప్పి తెచ్చిన గుడి అని చెబితే తప్ప తెలియదు. వాడు మాత్రం రాళ్ళ అతుకులు వెతికాడు. చెయ్యి ఆనించి గోడ వెంట ఒక చుట్టు తిరిగాడు, వీడియో తీశాడు, ఇంటికి ఫోన్ చేశాడు. అవ్వ అప్పటికి పడుకుందట.

రెండున్నరకి తిరుగుప్రయాణం. కొత్తకోట దాటాక వెనక చక్రం ఊగడం మొదలైంది. పంక్చర్. బండి తోసుకుంటూ ఓ కిలోమీటరు నడిస్తే షాపు దొరికింది. ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూసి, బొటనవేలి గోరంత ఇనప ముక్క తీసి చూపించాడు షాపతను. పనయ్యాక చేతులు కడుక్కోవడానికి సీటు మీదున్న మా సీసా మూత తిప్పబోయాడు. "అన్నా, అవి అవ్వ నీళ్ళు!" అని వీడు పెట్టిన కేకకి పక్కనున్న కుక్క లేచి పారిపోయింది. సంగతి తెలిశాక అతను లెంపలేసుకుని ఆ సీసాకే దణ్ణం పెట్టాడు. పంక్చర్ డబ్బులు మాత్రం పూర్తిగానే తీసుకున్నాడు.

ఇక్కడ గంటన్నర పోయింది కాబట్టి చివరి వంద కిలోమీటర్లు చీకట్లో నడపాల్సి వచ్చింది. నేను వద్దనేది ఇదొక్కటే. ఎదురు లైట్లు, హెల్మెట్ అద్దానికి అంటుకునే పురుగులు, ఇండికేటర్ వెయ్యకుండా పక్కకి ఆపేసిన లారీలు. ఒంటిగంటకల్లా అలంపురం నుంచి బయలుదేరితే ఈ టెన్షన్ ఉండదు. బాలానగర్ దగ్గర సీతాఫలాల బుట్టల దగ్గర కూడా ఆగలేదు, వాడికి అదో బాధ. ఆ ఊరి పేరు మీదే సీతాఫలాల్లో ఒక రకం ఉంది మరి.

తొమ్మిదిన్నరకి వాళ్ళింటికి చేరాం. దారంతా ఒళ్ళో పెట్టుకున్న సీసాలో అడుగున వేలెడు ఒండ్రు పేరుకుంది, పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. అవ్వ మేలుకునే ఉంది. నీళ్ళు అరచేతిలో పోసుకుని నెత్తిన చల్లుకుంది, కొంచెం తులసి కోటలో పోసింది. ఫోన్‌లో గుడి వీడియో చూపిస్తే కళ్ళజోడు పెట్టుకోకుండానే తల ఊపింది. తర్వాత అడిగింది: "నీళ్ళు యాడిదాంక వచ్చినయిరా?"

వాడు చెయ్యి నడుం దగ్గర పెట్టి చూపించాడు.

"నీ నడుం కాదురా. ఎన్నో మెట్టు దాంక?"

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరం మెట్లు లెక్కపెట్టలేదు.