పాత ఇంగ్లిష్ బంగళాల్లో బట్లర్లు (ఇంటి మగ పనివాళ్లకు పెద్దలు) పెళ్లి చేసుకోకూడదని చట్టం ఉండేదా?

లేదు, అలాంటి చట్టమేదీ లేదు; పెళ్లి చేసుకుంటే ఆ ఉద్యోగంలో ఉండటం కష్టమయ్యేది, అంతే. పనివాళ్లలో ఎక్కువమంది యజమాని ఇంట్లోనే ఉండేవారు. తిండీ పడకా అక్కడే, పిలిస్తే ఏ వేళైనా పలకాలి. ఆడవాళ్ల గదులు, మగవాళ్ల గదులు దూరదూరంగా ఉండేవి. పనమ్మాయిల కోసం మగస్నేహితులు రాకూడదని చాలా ఇళ్లలో ముందే చెప్పేసేవారు. మాట తప్పితే ఉద్యోగం పోయేది. అంతకన్నా పెద్ద టెన్షన్, ఈ పనివాడు మంచివాడని పాత యజమాని రాసిచ్చే ఉత్తరం. అది లేకపోతే ఇంకో ఇంట్లో పని దొరకడం గగనమే.

1993లో వచ్చిన 'ది రిమైన్స్ ఆఫ్ ది డే' సినిమానే చూడండి. అందులో ఒక పనమ్మాయి, ఒక కుర్ర పనివాడు ప్రేమించుకుని ఉద్యోగాలు వదిలేసి వెళ్లిపోతారు. హౌస్‌కీపర్ (పనమ్మాయిలకు పెద్ద) మిస్ కెంటన్ కూడా చివరికి వేరొకరిని పెళ్లాడి వెళ్తుంది. బట్లర్ స్టీవెన్స్‌ను పెళ్లి వైపు వెళ్లకుండా ఆపింది చట్టం కాదు, అతని స్వభావమే. పైగదిలో తండ్రి చనిపోయాడని తెలిసినా కింద అతిథులకు వడ్డన ఆపని మనిషి అతను!

హౌస్‌కీపర్లను సాధారణంగా 'మిసెస్' అని పిలిచేవారు కాబట్టి వాళ్లందరికీ పెళ్లయిందని చాలామంది అనుకుంటారు. అది హోదాకిచ్చే మర్యాద మాత్రమే, పెళ్లికానివాళ్లనీ అలాగే పిలిచేవారు. బట్లర్లలోనూ కొందరు పెళ్లయినవాళ్లు ఉండేవారు. భార్యాపిల్లలు ఎస్టేట్‌లో ఏ చిన్న ఇంట్లోనో, పక్క ఊళ్లోనో ఉండేవారు.