మేగజీన్ లోపల నూనె వద్దు, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

జైసల్మేర్ నుంచి నువ్వు ఫోన్లో చెప్పిన మాట రెండు రోజులుగా మనసులోనే తిరుగుతోంది. రేంజ్‌లో ఇన్సాస్ రైఫిలు రెండుసార్లు ఆగిపోయిందని, తూటాలు నింపే మేగజీన్‌కి ఇంకా మంచి నూనె ఏదైనా ఉందా అని అడిగావు. ఇప్పటిదాకా ఎంత వేశావంటే "బాగానే వేశా మావయ్యా" అన్నావు. తప్పు అక్కడే జరిగిందిరా.

తూటాను బ్యారెల్లోకి తోసే బోల్టు, దాన్ని మోసే క్యారియర్ వేడిలో గట్టిగా రాసుకుంటాయి కాబట్టి వాటికి నూనె కావాలి. మేగజీన్‌లో కదిలేవి స్ప్రింగు, దాని మీద కూర్చుని తూటాలను పైకి నెట్టే ప్లాట్‌ఫాం, రౌండ్లు, అంటే తూటాలు. శుభ్రంగా ఉంటే అవి పొడిగానే కదులుతాయి. నూనె తగిలితే మీ ఎడారి ఇసుక దానికి అంటుకుని ముద్ద కడుతుంది. ప్లాట్‌ఫాం పైకి రావడం ఆలస్యమవుతుంది. బోల్టు ముందుకొచ్చే వేళకి రౌండు ఉండాల్సిన చోట ఉండదు.

రెండో ముప్పు ఇంకా పెద్దది. సర్వీసు కొత్తలో నేనూ నీలాగే మేగజీన్ నిండా నూనె పట్టించి, అలాగే రౌండ్లు నింపి వారం ఉంచాను. రేంజ్‌లో ట్రిగ్గర్ నొక్కితే టక్ మని చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బ్యారెల్ టార్గెట్ వైపే పట్టుకుని, చెయ్యెత్తి మా శిక్షకుడు ఉస్తాద్‌ని పిలిచాను. ఆయన ఆగాల్సినంతసేపు ఆగి రౌండు తీయించారు. తూటా అడుగున నిప్పు పుట్టించే క్యాపు మీద పిన్ను గుంట స్పష్టంగా ఉంది, మందు మాత్రం అంటుకోలేదు. నూనె సందుల్లోంచి క్యాపులోకి దిగితే అలా అవుతుంది. డ్యూటీలో ఆ టక్ వినబడితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అందుకే ఇలా చెయ్యి. మేగజీన్ తీసి, బ్యారెల్ వెనక రౌండు కూర్చునే ఛాంబర్ ఖాళీ అని కంటితో, వేలితో చూసుకో. రౌండ్లన్నీ వేరే చోట పెట్టు. బాటమ్ ప్లేటు జరిపేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టు, లేకపోతే స్ప్రింగు ఎగిరి కంటికి తగులుతుంది. స్ప్రింగు ఏ వైపు తిరిగి ఉందో విప్పకముందే గుర్తుపెట్టుకో. లోపల బ్రష్షుతో దులిపి, పొడి చిందీ, అంటే గుడ్డపేలిక, తిప్పు. మురికి వదలకపోతే గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు, కానీ పూర్తిగా ఆరాకే బిగించాలి. స్ప్రింగుకి తుప్పు పట్టకుండా, ఒక్క చుక్క నూనె అద్దిన చిందీతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో మళ్లీ తుడువు. వేలికి తడి తగలకూడదు.

ఇన్సాస్ మేగజీన్ ప్లాస్టిక్‌ది. పెట్రోలు, థిన్నర్, బ్రేక్ క్లీనర్ లాంటివి దాని దగ్గరికి రానీయకు. ప్లాస్టిక్ పెళుసెక్కి పగుళ్లిస్తుంది. 1999లో కార్గిల్ చలికే ఆ మేగజీన్లు పగిలాయని వార్తలొచ్చాయి, మనం మందులు పోసి ఇంకా బలహీనం చేయడం దేనికి?

ఏకే రైఫిలు మేగజీన్ ఎక్కువగా ఇనుముదే. సముద్రం పక్కన, వానాకాలంలో దాని పైభాగానికి పల్చటి నూనెపూత తప్పదు, లోపల మాత్రం తుడిచేయాలి. మంచుకొండల్లో చిక్కటి నూనె, మనింట్లో కొబ్బరినూనె చలికి పేరుకున్నట్టే బిగుసుకుంటుంది. గ్రీజు ఎక్కడైనా వద్దు.

డబ్ల్యూడీ-40 సంగతి అడిగావు. ఆ పేరులోనే దాని పని ఉంది. డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, 1953లో నీటిని తరిమేందుకు 40వ ప్రయత్నంలో కుదిరిన మందు అది. మేగజీన్ తడిస్తే నీరు తీయడానికి పనికొస్తుంది గానీ, లోపల వదిలేస్తే మళ్లీ నూనె కథే.

అమెరికాలో రేంజ్‌కి వెళ్లే మీ అన్నయ్య కూడా ఇదే అడిగాడు. అక్కడ సొంత మేగజీన్లు కాబట్టి, ఆరాక పొడిపూతగా మిగిలే టెఫ్లాన్ రకం స్ప్రే పల్చగా కొట్టి, పూర్తిగా ఆరనివ్వమన్నాను. గ్రాఫైట్ మాత్రం వద్దన్నాను. వాడివి అల్యూమినియం మేగజీన్లు, తేమ తగిలితే గ్రాఫైట్ వాటిని తినేస్తుంది. నువ్వు మాత్రం బయట కొన్నదేదీ వాడకు, మీ ఆయుధాలు చూసుకునే ఆర్మరర్ ఇచ్చిందే వాడు.

ఇంత చేసినా ఆగుతుంటే మేగజీన్ పెదవులు, అంటే రౌండ్లను పట్టి ఉంచే పై అంచులు, చూడు. అవి విరిగినా వంగినా ఏ నూనే బాగు చేయదు. ఆయుధాలు దాచే కోత్‌లో చెప్పి మార్పించుకో. ఏ మేగజీన్‌తో ఆగిందో నంబరు రాసి ఉంచు.

ఈసారి వెపన్ క్లీనింగ్ రోజున ముందు ఒక తెల్ల చిందీ లోపల తిప్పి బయటికి తీయి. ఎంత నల్లగా వచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య