జేడ్ మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవికి,

ఆశీస్సులు. చైనా ప్రాచీన సమాధుల్లో దొరికిన జేడ్ ఆభరణాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. సమాచారం బాగానే పోగు చేశావు. కానీ మొదటి పేజీ నిండా ‘అపురూపం’, ‘అద్భుతం’, ‘అనన్యసామాన్యం’. అసలు రాయి ఎక్కడా కనిపించలేదు. ఆ విశేషణాలన్నీ కొట్టేయి.

‘శిల్పి ఉలి నాట్యమాడింది’ అన్నావు. జేడ్ దగ్గర ఉలి పనికిరాదయ్యా! జేడ్‌లో ఒక రకమైన నెఫ్రైట్ లోపల సన్నటి పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి, దెబ్బకు లొంగదు. కోయాలన్నా, తొలవాలన్నా తడి ఇసుకతో అరగదీయాల్సిందే. చైనా నవీన శిలాయుగపు లియాంగ్‌జూ సంస్కృతి సమాధుల్లో దొరికిన త్సోంగ్‌లు, అంటే గొట్టాల్లాంటి జేడ్ వస్తువులు, బయటికి నలుచదరం, లోపల గుండ్రటి రంధ్రం. రెండు వైపుల నుంచీ తొలుచుకుంటూ వస్తే నడుమ సరిగ్గా కలవక, కొన్నిటిలో చిన్న అంచు మిగిలిపోయింది. నాట్యం తీసేసి ఆ అంచు చూపించు.

ఫు హావ్‌కు ఒక్క వాక్యం కేటాయించావు. ఇది నాకు మింగుడుపడలేదు. ప్రాచీన చైనా షాంగ్ వంశపు రాజు వూ డింగ్‌కు రాణి, సైన్యాన్ని నడిపిన మనిషి. దొంగల చేతికి చిక్కని ఆమె సమాధిని 1976లో ఆన్‌యాంగ్‌లో తవ్వితే 755 జేడ్ వస్తువులు బయటపడ్డాయి. వాటిలో కొన్ని నవీన శిలాయుగపు హోంగ్‌షాన్ సంస్కృతి కాలానివి, అంటే ఆమె పుట్టేనాటికే వెయ్యేళ్లకు పైబడినవి. మూడు వేల ఏళ్ల కిందటి రాణి దగ్గర పురావస్తువులు! అవి ఆమె చేతికి ఎలా వచ్చాయి? వారసత్వమా, కానుకా, కొల్లగొట్టిన సొత్తా? ఈ ప్రశ్నల దగ్గర కాసేపు ఆగు. జవాబు మాత్రం కల్పించకు, ఆమె మనసులోకి దూరి కన్నీళ్లు పెట్టించకు.

మాన్‌చెంగ్‌లో 1968లో దొరికిన, హాన్ వంశపు రాకుమారుడు లియూ షెంగ్ శవానికి తొడిగిన జేడ్ కవచం గురించి ‘రాయి మిగిలింది, దేహం మట్టయింది’ అని ముగించావు. ఆ కవచం చూసిన ప్రతివాడూ అనే మాటే అది. 2,498 పలకలు, వాటి మూలల్లో రంధ్రాలు, అందులోంచి దూర్చి మెలిపెట్టిన బంగారు తీగ. ఆ కుట్టు ఎలా వేశారో రాసి ఊరుకో.

తిరగరాసి పంపు. ఫు హావ్ భాగం రెండు పేజీలైనా నాకు అభ్యంతరం లేదు. సంపాదకుడు తొందరపెడితే పెట్టనీ.

నీ శ్రేయోభిలాషి