బడి కట్టించిన కంపెనీ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి, ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాను. రేణిగుంట రోడ్డు వైపు ఒక లోకల్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 2022లో ఫ్లాట్ తీసుకున్నాం. ధర 52 లక్షలు. బ్యాంకు ద్వారా 46 లక్షలు కట్టాం, ఇంకో 3 లక్షలు చేతికి నగదుగా ఇచ్చాం. 2024 మార్చికల్లా అప్పగిస్తామని అగ్రిమెంట్‌లో రాశారు, ఇంతవరకు ఇవ్వలేదు. ఈలోగా అదే కంపెనీ చంద్రగిరి దగ్గర ఒకటి, చిత్తూరులో ఒకటి కొత్త ప్రాజెక్టులు మొదలుపెట్టింది. మా బ్రోచర్‌లో పార్కు, కమ్యూనిటీ హాలు చూపించిన చోట ఇప్పుడు ఇంకో బ్లాక్‌కు పునాది తీస్తున్నారు. ఈ కంపెనీకి ఊళ్లో మంచి పేరు. ప్రభుత్వ బడికి గదులు కట్టించారు, గంగమ్మ జాతరకు అన్నదానం చేస్తారు, మొన్న మాకు కంటి వైద్య శిబిరం పెట్టారు. ఆ శిబిరంలో అందరి దగ్గరా ఒక కాగితం మీద సంతకాలు తీసుకున్నారు, అందులో ఏముందో చదవలేదు. ఇప్పుడు ఫ్లాట్‌కు 60 వేలు ‘సామాజిక అభివృద్ధి నిధి’ కట్టమంటున్నారు. వాట్సాప్ గ్రూపులో అడిగితే పరువునష్టం దావా వేస్తామన్నారు. తెలిసిన పెద్దమనుషులేమో అంత మంచి కంపెనీ మీద కేసేంటి అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సార్, ముందు పెద్దమనుషుల మాట తేల్చేద్దాం. కంపెనీ బడికి గదులు కట్టించింది, అక్కడ పిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు, మంచిదే, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ మీ అగ్రిమెంట్‌లో ఆ బడి లేదు. రెరాలోనైనా (బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వినియోగదారుల కమిషన్‌లోనైనా ‘ఊరికి ఇంత సేవ చేశాం’ అన్నది ఆలస్యానికి జవాబు కాదు, వాళ్ల లాయర్ కూడా ఆ మాట కౌంటర్‌లో, అంటే రాతపూర్వక జవాబులో, రాయడు, రాసినా బెంచ్ చదివి పక్కన పెడుతుంది. జాతరలో ఎన్ని విస్తళ్లు వేసినా అది మీకు ఇవ్వాల్సిన బాకీలో జమ కాదు.

ఇంకో సంగతి. బిల్డర్లు సేవ అని ఫ్లెక్సీ వేసుకునే వాటిలో కొన్ని అసలు సేవలే కావు, చట్టం ప్రకారం చేసి తీరాల్సినవి. లేఅవుట్ వేస్తే కనీసం 10 శాతం ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి, దాన్నే ‘పట్టణానికి పార్కు దానం చేశాం’ అని రిబ్బన్ కత్తిరించి పేపర్లో వేయించుకునేవాళ్లు ఉన్నారు. కూలీల సంక్షేమానికి డబ్బు ఇచ్చామంటారు, కట్టడం ఖర్చు మీద 1 శాతం సెస్సు కట్టడం 1996 నుంచి చట్టమే. సైట్‌లో పిల్లలకు బాలవాడి పెట్టామంటారు, కూలీలు ఎక్కువమంది పనిచేసే చోట అది చట్టం పెట్టమన్నదే. ఇక సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు అంటారా, కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం అందుకు ఖర్చు పెట్టాలి. మన జిల్లాల్లో కంపెనీ అని బోర్డు పెట్టుకున్నవాటిలో చాలావరకు పార్ట్‌నర్‌షిప్ ఫర్ములు, వాటికి ఈ సెక్షనే వర్తించదు. వర్తించే కంపెనీ అయినా సరే, తన సరుకు అమ్ముకోవడానికి పనికొచ్చే స్పాన్సర్‌షిప్ ఖర్చును సీఎస్ఆర్ కింద చూపించకూడదని 2021లో రూల్స్ మార్చారు. ఫ్లాట్లు కొన్నవాళ్లకు కంపెనీ బ్యానర్ కింద కంటి పరీక్షలు చేయిస్తే అది ఏ లెక్కలోకి వస్తుందో మీరే అనుకోండి.

ఇప్పుడు ఆ 60 వేల సంగతి. అగ్రిమెంట్‌లో ధర ఎలా ఏర్పడిందో రాసి ఉంటుంది, దానికి అనుబంధంగా చార్జీల పట్టిక ఉంటుంది. మెయింటెనెన్స్, కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ ముందుముందు ఖర్చులకు దాచే నిధి) అందులో ఉంటే కట్టాలి. సామాజిక అభివృద్ధి నిధి అనే పేరు అందులో లేకపోతే ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. విరాళం అంటే ఇష్టమై ఇచ్చేది, ఫ్లాట్ తాళాలకు ముడిపెట్టి అడిగేది వసూలు. మీ దగ్గర తీసుకుని వాళ్ల పేరు మీద బడికి ఇస్తే ఆ పుణ్యం సగమైనా మీకు రావాలి కదా, కనీసం మీ పేరు మీద పన్ను మినహాయింపు రసీదైనా ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. చాలామటుకు అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

అసలైన టెన్షన్ పార్కు, హాలు గురించి పడాలి, దీన్ని వదలొద్దు. రెరా చట్టం 14వ సెక్షన్ చెప్పేదేమిటంటే, ఒకసారి మంజూరైన ప్లాన్ చూపించి ఫ్లాట్లు అమ్మాక ఉమ్మడి స్థలాల్లో మార్పు చేయాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇందులో బిల్డర్ చేతిలో ఇంకా అమ్మకుండా ఉన్న ఫ్లాట్లు లెక్కలోకి రావు. ఒకే మనిషి తన పేరు మీదా ఇంట్లోవాళ్ల పేరు మీదా అయిదు ఫ్లాట్లు కొన్నా ఒక్క ఓటే. వంద ఫ్లాట్లలో 84 మందికి తలా ఒకటి అమ్మారనుకోండి, 56 మంది సంతకాలు కావాలి. అందుకే నాకు మీ కంటి శిబిరం కాగితం మీద అనుమానం. అది హాజరు పట్టీయే కావచ్చు, కాకపోనూ వచ్చు. ఏదైనా గానీ ఈ వారమే ఒక ఉత్తరం రాయండి: ఫలానా తేదీన శిబిరంలో తీసుకున్న నా సంతకం హాజరు కోసమే, ప్లాన్ మార్పుకు నేను సమ్మతించలేదు, ఆ కాగితం నకలు ఇవ్వండి అని. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, అదే ఉత్తరం ఈమెయిల్ కూడా చేయండి. మీతోపాటు సంతకం పెట్టినవాళ్లంతా విడివిడిగా రాస్తే మరీ మంచిది. ‘ప్లాన్ మార్పులకు నా అభ్యంతరం లేదు’ అని అగ్రిమెంట్‌లోనే ఒక వాక్యం ఉంటుంది, అది చూపించి భయపెడతారు. ఏ మార్పో చెప్పకుండా ముందే గంపగుత్తగా తీసుకున్న సమ్మతి చెల్లదని బాంబే హైకోర్టు అక్కడి ఫ్లాట్ల చట్టం కింద పలు కేసుల్లో చెప్పింది, రెరా ముందు మనకూ ఆ వాదన పనికొస్తుంది.

ఈలోగా మంజూరైన ప్లాన్ నకలు సంపాదించండి. మీ సర్వే నంబరు కార్పొరేషన్ కిందికి వస్తే కార్పొరేషన్‌లో, లేకపోతే తుడాలో (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కొత్త బ్లాక్‌కు సవరించిన ప్లాన్ మంజూరైందా, ఆ ఫైల్లో కొనుగోలుదారుల సమ్మతి పత్రాలు పెట్టారా, ఈ రెండూ అడగండి. రేణిగుంట వైపు అంటున్నారు కాబట్టి ఎత్తుకు విమానాశ్రయం వాళ్ల ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉందా అన్నది మూడోది.

కంపెనీ మిగతా ప్రాజెక్టుల గురించి మీరు కొంచెం బాధగా రాశారు, మా డబ్బుతోనే అవి కడుతున్నారేమో అన్నట్టు. ఆ అనుమానం ఊరికే పోగొట్టుకోవాల్సిన పనిలేదు, చూసుకోవచ్చు. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే వేరే బ్యాంకు ఖాతాలో ఉంచాలి, పని ఎంత జరిగితే అంతకే, ఇంజినీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ సర్టిఫై చేశాకే తీయాలి. ఏటా ఆడిట్ కూడా చేయించాలి. రెరా రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు గత అయిదేళ్లలో మొదలుపెట్టిన ప్రాజెక్టులన్నీ, ఏవి పూర్తయ్యాయి, ఏవి ఆలస్యమయ్యాయి, ఏ కేసులున్నాయి అన్నది బిల్డర్ రాసివ్వాలి. ఏపీ రెరా వెబ్‌సైట్‌లో మీ ప్రాజెక్టు పేజీ, చంద్రగిరి పేజీ, చిత్తూరు పేజీ మూడూ తెరిచి పక్కపక్కన పెట్టి చదవండి. మీ ప్రాజెక్టు ఆలస్యాన్ని చిత్తూరు దరఖాస్తులో ఏమని రాశారో చూడండి, అక్కడ ఆలస్యం లేదని రాసి ఉంటే మీ కేసుకు అంతకన్నా మంచి కాగితం దొరకదు. మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో పెట్టాల్సిన వివరాలు కూడా ఆ పేజీలోనే ఉంటాయి, వాటిని ఇప్పుడే ప్రింట్ తీసి పెట్టుకోండి, తర్వాత మారిపోవచ్చు.

కొత్త ప్రాజెక్టుల్లో కొనాలనుకునేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. బడి గదుల ఫొటోలు చూసి కాదు, ఆ కంపెనీ పాత అపార్ట్‌మెంట్లకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసం ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చిందా, అసోసియేషన్ పేరు మీద ఉమ్మడి స్థలాలు రాసిచ్చారా అన్నది చూసి నమ్మండి. తిరుపతిలో అయితే భూమి సంగతి ముందు. హథీరాంజీ మఠం భూములు, ఇనాం భూములు, చెరువు పోరంబోకు, వీటితో ఇక్కడ ఎన్ని తగాదాలున్నాయో కోర్టులో తిరిగేవాళ్లకు తెలుసు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోవడం ఒక పూట పని. 2021 నవంబర్ వానలకు ఊరు ఎలా మునిగిందో చూశాం కదా, వాగు దారిలో కట్టినవి ఏవో అప్పుడే తెలిసింది.

సరే, మీ డబ్బు సంగతికి వద్దాం. రెరా చట్టం 18వ సెక్షన్ మీకు రెండు దారులు ఇస్తోంది. ఫ్లాట్ వద్దనుకుంటే కట్టినదంతా వడ్డీతో వెనక్కి తీసుకోవచ్చు, అది మీకు షరతుల్లేని హక్కు అని సుప్రీంకోర్టు 2021 నవంబర్‌లో స్పష్టంగా చెప్పింది. ఫ్లాటే కావాలనుకుంటే అప్పగించేదాకా నెలనెలా ఆలస్యపు వడ్డీ అడగొచ్చు. మన రాష్ట్ర రూల్స్ ప్రకారం ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు గరిష్ఠ ఎంసీఎల్ఆర్‌కు (అప్పులకు బ్యాంకు లెక్కగట్టే మూల వడ్డీ రేటుకు) 2 శాతం కలిపినంత. లెక్క కోసం 11 శాతం అనుకుంటే మీ 46 లక్షల మీద ఏడాదికి 5,06,000, అంటే నెలకు 42 వేల పైచిలుకు. రెరాలో రిజిస్ట్రేషన్ గడువు పొడిగించారు కదా అని మీకు సర్దిచెప్పాలని చూస్తారు, ఆ పొడిగింపు ప్రాజెక్టుకు, మీ అగ్రిమెంట్‌లో రాసిన తేదీ దానివల్ల ముందుకు జరగదు. మీది 2022 అగ్రిమెంట్ కాబట్టి కరోనా సాకు కూడా చెల్లదు.

కాగితాల మీద (నగదు లెక్కలోకి రాకుండా) మిగిలిన 6 లక్షలు ఆపేయొచ్చా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. ఊరికే ఆపొద్దు, సమయానికి కట్టకపోతే మీ మీదా అదే వడ్డీ పడుతుంది. బిల్డర్ తప్పితే తదుపరి చెల్లింపులు నిలిపే హక్కు మీ అగ్రిమెంట్‌లో ఉందేమో చూసి, ఉంటే ఆ క్లాజు పేర్కొంటూ ఉత్తరం రాశాకే ఆపండి.

ఎక్కడికి వెళ్లాలి? డబ్బు ఒక్కటే కావాలనుకుంటే వినియోగదారుల కమిషన్ బాగుంటుంది, చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌లోనే, అంటే తిరుపతిలోనే వేసుకోవచ్చు. ఆ ఆర్డర్ పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు పడే అవకాశం ఉంది, అందుకే బిల్డర్లు దానికి భయపడతారు. రెరాలో ఆర్డర్ రావడం ఒక ఎత్తు, కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించుకోవడం ఇంకో ఎత్తు. అయినా మీకు నేను రెరానే చెబుతాను. పునాది తీస్తున్న బ్లాక్‌ను మధ్యంతర ఉత్తర్వుతో ఆపగలిగే అధికారం దానికి ఉంది, అది లేచి నిలబడ్డాక మీరు గెలిచినా ఏం లాభం? ఫిర్యాదు ఆన్‌లైన్‌లో వేయొచ్చు. ఒక్కరు కాకుండా పదిమంది కలిసి వేయండి, పార్కు, ఆలస్యపు వడ్డీ, 60 వేల వసూలు మూడూ ఒకే ఫిర్యాదులో పెట్టండి. బ్రోచర్ చూసి మోసపోయామని నష్టపరిహారం కూడా అడగాలంటే అది రెరాలోనే నష్టపరిహారం తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందు వేరే దరఖాస్తు. ఒకే ఉపశమనం కోసం అక్కడా ఇక్కడా రెండుచోట్ల మాత్రం వేయొద్దు. సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయ్యాక మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పాటు చేయించాల్సింది కంపెనీయే, చేయకపోతే అదీ ఫిర్యాదులో రాయండి.

పరువునష్టం బెదిరింపుకు పెద్దగా కంగారు పడకండి. అధికారం ఉన్నవాళ్లకు నిజాయితీగా ఇచ్చిన ఫిర్యాదు పరువునష్టం కిందికి రాదు. ముంబైలో కొనుగోలుదారులు బిల్డర్ లోపాలు రాసి బ్యానర్ కడితే పెట్టిన క్రిమినల్ కేసును సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కొట్టేసింది, వాళ్లు మర్యాదైన మాటలతో, శాంతియుతంగా రాశారని. ఆ మర్యాద ముఖ్యం సార్. గ్రూపులో ‘తేదీ దాటింది, పార్కు స్థలంలో బ్లాక్ వస్తోంది’ అని రాయండి, ‘దొంగలు, బడి పేరుతో దోచుకున్నారు’ అని రాయొద్దు. ఓనర్ ఇంట్లోవాళ్ల ప్రస్తావన అసలే వద్దు.

ఇక ఆ 3 లక్షల నగదు. రసీదు లేదనుకుంటాను. ఆస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం చెబుతుంది, జరిమానా తీసుకున్నవాళ్ల మీద పడుతుంది, కాబట్టి వాళ్లు ఒప్పుకోరు. బ్యాంకులో మీరు డ్రా చేసిన తేదీ, ఆ రోజు మార్కెటింగ్ అబ్బాయితో జరిగిన వాట్సాప్ మాటలు, ‘అందింది సార్’ లాంటి మెసేజ్ ఏదైనా ఉంటే అదే మీ సాక్ష్యం. స్క్రీన్‌షాట్ సరిపోదు, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అందుకు ఆ ఫోన్ మీ దగ్గరే ఉండాలి. కొత్త ఫోన్ కొన్నా పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి.